కుడికాలి బూటుకు మెడల్

ఆగండాగండి! రేపట్నుంచి పొద్దున్నే లేచి పరిగెత్తాలని ఫోన్‌లో ఐదింటికి అలారం పెట్టుకుంటున్నారు కదా, ఆ వేలు అక్కడే ఆపండి. ఆ అలారం మోగగానే ఎలాగూ నొక్కి పడుకుంటారు, కాబట్టి కాస్త ఆలస్యంగా పెట్టుకున్నా కొంపేం మునగదు. ముందు నా మాట వినండి. మధ్యలో లేచి వెళ్లకూడదు, ఎందుకంటే చివర్లో మిమ్మల్ని ఒక మాట అడగాలి.

నేను ఒక బూటును. కుడికాలి బూటును. ఆఫీసుకో, పెళ్లికో వేసుకెళ్లే రకం కాదు, అచ్చంగా పరుగు కోసమే పుట్టాను. నీలం ఒళ్లు, నారింజ చారలు, దూదిలాంటి మెత్తటి మడమ. నా పెట్టె మీద ఒకాయన మంచుకొండ ఎక్కుతూ పరిగెత్తుతున్న బొమ్మ ఉండేది, ఆయన మొహంలో ఒక్క చెమట చుక్క కూడా లేదు, పైగా నవ్వుతున్నాడు. ఆ బొమ్మ చూసి నా జీవితం ఎలా ఉండబోతోందో ఊహించేసుకున్నాను. చిన్నతనం కదా, నమ్మేశాను.

నాకు అరికాలు అతికించిన అమ్మాయి రోజుకు మూడొందల అరికాళ్లు అతికించేది, సాయంత్రం హవాయి చెప్పులేసుకుని బస్సు కోసం పరిగెత్తేది. ఆ ఫ్యాక్టరీలో మమ్మల్ని వంచి చూసే యంత్రం ఉంది, తడిపి చూసే యంత్రం ఉంది, నేలకేసి కొట్టి చూసే యంత్రం కూడా ఉంది. బీరువాలో దాచిపెడితే ఎన్నాళ్లుంటామో చూసే యంత్రం మాత్రం లేదు. పరుగు బూట్లను బీరువాలో దాచే మనుషులుంటారని పాపం వాళ్లకు తట్టలేదు. వాళ్లు విశాఖపట్నం రాలేదు, హైమావతి టీచర్ని చూడలేదు.

హైమావతికి నలభై ఆరేళ్లు. ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. పదో తరగతి మూడో అంతస్తులో. మెట్లెక్కి పైకి చేరేసరికి ఆమెకు మాట వచ్చేది కాదు, పుస్తకాలు తీయమని చేత్తో సైగ చేసేది. మూగసైగల్లో లెక్కలు నేర్పే టీచరు మా ఒక్క స్కూల్లోనే ఉందని పిల్లలు గొప్పగా చెప్పుకునేవారట. ఒకరోజు పక్క ఫ్లాటులో ఉండే నర్సు రోజలిన్ ఆమె వేలికి సూది గుచ్చి చూసి, "అక్కా, సుగరు బోర్డర్ దగ్గరికొచ్చేసింది" అంది. హైమావతి భయపడి, ఆ భయం తగ్గడానికి కింద వరహాలు టిఫిన్ సెంటర్‌కి వెళ్లి పెసరట్టు ఉప్మా తింది. మనుషుల సంగతి మీకు తెలియనిదా!

ఈ వరహాలుకు యాభై ఏళ్లు, సన్నగా చీపురుపుల్లలా ఉంటుంది. టిఫిన్ సెంటర్ తెరిచే ముందు రోజలిన్‌తో కలిసి బీచ్‌రోడ్డు మీద కాళ్లకు చెప్పులున్నాయో లేవో కూడా చూసుకోకుండా పరిగెత్తేది. సుగరు మాట చెవిన పడగానే పెసరట్టు పళ్లెం వెనక్కి లాగేసుకుంది. "తిన్నది సాలు. రేపు పొద్దున్న మాతో వచ్చీ. రాపోతే నా కొట్లో నీకు టిఫిన్ నేదు" అంది. అలా ముగ్గురూ కలిసి నన్ను కొనడానికి వచ్చారు.

షాపులో నన్ను, నా ఎడమ జతగాణ్ణి తొడుక్కుని హైమావతి అద్దం ముందు నాలుగడుగులు వేసింది. ఆ నాలుగడుగులే ఆ తర్వాత రెండున్నరేళ్ల వరకూ నా మొత్తం పరుగు జీవితం అవుతాయని అప్పుడు నాకు తెలియదు. "ఎంత బాగున్నాయో!" అని మురిసిపోయి, ఇంటికెళ్లి, "ఇంత మంచివి ఉత్త ప్రాక్టీసుకి పాడుచేసుకుంటామా? అసలు పోటీ రోజున తీద్దాం" అని మమ్మల్ని బీరువాలో పట్టుచీరల కింద పెట్టేసింది. కలరా ఉండలు కూడా వేసింది. పురుగులు వచ్చి బూట్లు తొడుక్కుని పరిగెత్తుకెళ్లిపోతాయనేమో!

మరి ప్రాక్టీసు దేంతో? ఆగస్టు పదిహేనున కవాతుకి వేసుకునే పాత తెల్ల కాన్వాసు బూట్లతో. వాటి వేళ్ల దగ్గర చిల్లులు, మడమ దగ్గర పేపరు మడత. ఆ బికారి బూట్లు రోజూ సముద్రం చూసి వచ్చేవి, నేనేమో కంచిపట్టు కింద ఊపిరాడక పడుండేదాన్ని. కానీ కబుర్లు మాత్రం అన్నీ తెలిసేవి, ఎందుకంటే హైమావతి బీరువా తలుపు తీసి చీర వెతుక్కుంటూ ఆ రోజు పరుగంతా మొగుడికి వినిపించేది.

ఆమె పరిగెత్తడం మొదలుపెట్టిన పద్ధతి వింటే నవ్వొస్తుంది. రోజలిన్ పెట్టిన రూలు ఏమిటంటే, ఒక దీపస్తంభం నుంచి ఇంకో దీపస్తంభం దాకా పరుగు, తర్వాత రెండు స్తంభాలు నడక. మొదటి వారం హైమావతి ఒక్క స్తంభం పరిగెత్తి రెండోదాన్ని కావలించుకునేది. చూసినవాళ్లు ఆ స్తంభం ఎవరో దూరపు బంధువనుకుని ఉంటారు. పరిగెత్తుతూ మాట్లాడగలిగితే గుండెకు ఇబ్బంది లేనట్టేనని నర్సమ్మ ఇంకో రూలు పెట్టింది. ఆయాసంలో ఏం మాట్లాడాలో తోచక లెక్కల టీచరు ఎక్కాలు అందుకుంది. పదమూడో ఎక్కం, పద్నాలుగో ఎక్కం, అలా పైపైకి. బీచ్‌రోడ్డు మీద పొద్దున్నే నడిచే రిటైరైన పెద్దమనుషులు ఈ ఎక్కాల పరుగు చూసి దారిచ్చేవారట. వరహాలేమో ముందుకు ఉరికి, మళ్లీ వెనక్కి వచ్చి, "ఏ ఎక్కం కాడున్నావు టీచరూ?" అని అడిగి, మళ్లీ ఉరికేది. అంటే ఆమె రెట్టింపు దూరం పరిగెత్తేది, దాని గురించి ఒక్కరోజు కూడా గొప్ప చెప్పుకోలేదు. మనుషుల్లో ఇలాంటివాళ్లు కూడా ఉంటారని ఒప్పుకోవాలంటే నాకు కాస్త చిరాగ్గానే ఉంటుంది, వెక్కిరించడానికి ఏమీ దొరకదు.

భర్త శివాజీరావుది వేరే ధోరణి. ఆయన సోఫాలో పడుకుని సలహాలిచ్చే కోచ్. "మోకాళ్లు అరిగిపోతాయి హైమా" అనేవాడు, ఆయన మోకాళ్లు వాడక కొత్తవాటిలా మెరుస్తుండగా.

అలా రెండేళ్లు గడిచాయి. స్తంభాలు పెరిగాయి, నడక తగ్గింది, ఇరవై మూడో ఎక్కం దాకా వచ్చారు. మూడో అంతస్తులో ఇప్పుడు టీచరు మాట ఆమెకంటే ముందే క్లాసుకు చేరుతోందని పిల్లలు దిగులుపడ్డారు. అప్పుడొచ్చింది పోటీ. బీచ్‌రోడ్డు మీద పది కిలోమీటర్లు. ముగ్గురు ఆడవాళ్లు ఒక జట్టు. ముగ్గురూ గంటన్నరలోపు గీత దాటితేనే ముగ్గురికీ మెడల్, ఒక్కరు ఆలస్యమైనా ఎవరికీ లేదు.

వరహాలు మనసు ఆ మెడల్ మీద పడిపోయింది. అయిదో తరగతిలో బడి మానేసిన మనిషి, బతుకులో ఒక్క బహుమతి ఎరగదు. "ఇడ్లీ బాగుందని అందరూ అంటారు, పతకం ఎవలూ ఇవ్వరు. నా మెళ్లో ఒక్కపాలి పడితే సాలు, సచ్చినా తియ్యను" అని హైమావతి ఇంటికొచ్చి మరీ చెప్పింది. ఆ సమయానికి బీరువా తలుపు తీసే ఉంది, నేను విన్నాను.

ఇక్కడే వచ్చింది చిక్కు. వాళ్లతో పాటు బీచ్‌లో పరిగెత్తే సువర్చల అనే బ్యాంకు ఆఫీసరమ్మ, గంటలోపే పది కిలోమీటర్లు కొట్టేసే మనిషి, తనను జట్టులో చేర్చుకోమని అడిగింది. హైమావతి వెంటనే తప్పుకోబోయింది. అప్పటిదాకా ఆమె పదికి పట్టిన టైము ఎప్పుడూ గంటన్నరకు మూడు నిమిషాలు అటే ఉండేది, ఇటు రాలేదు.

"నన్నొదిలేయండే, ఆవిణ్ణి తీసుకోండి. నా వల్ల మీ ఇద్దరికీ మెడల్ పోతే మీ మొహాలు ఎలా చూడను?" అంది.

"నోరుముయ్యి. నివ్వు నేని పరుగు నాకొద్దు. పతకమూ వొద్దు" అని వరహాలు తేల్చేసింది.

"పేర్లు కట్టేశానక్కా, జట్టు పేరు మూడిడ్లీ" అంది రోజలిన్. ఆరోగ్యం కోసం పరిగెత్తేవాళ్లు పెట్టుకునే పేరేనా అది! సరే, వరహాలుకి సరిపోయింది.

ఆ రోజు నుంచి హైమావతికి నిద్ర సరిగా లేదు. క్లాసులో భిన్నాలు చెబుతూ చెబుతూ ఆగిపోయి బోర్డు మూలన 'మూడు నిమిషాలు' అని రాసుకుందట. ఆ మూడు నిమిషాలు ఎక్కడ తగ్గించాలి? అప్పుడు గుర్తొచ్చాను నేను! మంచి బూట్లుంటే మూడు నిమిషాలేం ఖర్మ, అయిదు తగ్గుతాయని ఎవరో చెప్పారట. పోటీ రోజు తెల్లవారుతుండగా బీరువా తెరిచి, మా ఇద్దర్నీ బయటికి తీసి, బొటనవేలితో పసుపు బొట్టు కూడా పెట్టింది. పక్కన నిద్రకళ్లతో శివాజీరావు, "బూట్లకు పసుపేంటే?" అన్నాడు.

"మీకు పెట్టలేదుగా, పడుకోండి" అంది.

నాకెంత పొగరొచ్చిందో! రెండున్నరేళ్ల తర్వాత గాలి, వెలుతురు, రోడ్డు, పక్కనే సముద్రం. కానీ ఒంట్లో ఏదో తేడాగా ఉంది. మాట బయటికి రాదు కదా, వస్తే చెప్పేదాన్ని. వాడని బూటుకు జిగురు ఎండిపోతుంది తల్లీ, మమ్మల్ని తొక్కితేనే బతుకుతాం, దాస్తే చస్తాం అని.

కాళీమాత గుడి దగ్గర మొదలు, జోడుగుళ్లపాలెం దాకా వెళ్లి వెనక్కి రావాలి. మొదలెట్టే ముందు ఒక్కొక్కరికి వేలెడంత చిప్ ఇచ్చి బూటు లేసుకు కట్టుకోమన్నారు. ముగింపు దగ్గర నేల మీద పరిచిన చాప దాటగానే అది కీచుమంటుందట, టైము దానంతటదే కంప్యూటర్లోకి ఎక్కుతుందట. మనిషిని మనిషి చూసి గుర్తుపట్టే పద్ధతి మరీ పాతదైపోయింది కదా. హైమావతి తన చిప్‌ను నా లేసుకు కట్టింది, బూట్లే లేని వరహాలు కాలిపట్టీకి కట్టుకుంది.

మొదటి అయిదు కిలోమీటర్లు నేను ఎగిరాను. హైమావతి అంత వేగంగా ఎప్పుడూ పరిగెత్తలేదు. తిరిగే చోట రోజలిన్ గడియారం చూసి, "నలభై మూడక్కా! స్తోత్రం!" అని అరిచింది. అంటే రెండు నిమిషాలు చేతిలో మిగిలాయి. ఆరో కిలోమీటరు దగ్గర నా బొటనవేలి కింద ఏదో పట్టు వదిలింది. ఇంకో వంద అడుగులకు నా అరికాలు ముందు సగం ఊడి, అడుగడుగునా టపటపా చప్పట్లు కొట్టడం మొదలెట్టింది. ఆ పోటీలో హైమావతికి దారి పొడుగునా చప్పట్లు కొట్టింది నేనొక్కదాన్నే.

రోజలిన్ తన జుట్టు రబ్బరు తీసి నాకు బిగించింది. ఒక కిలోమీటరు ఆగింది, తెగింది. అరికాలు మొత్తం ఊడి రోడ్డు మీద నాలుకలా పడిపోయింది. ఎడమవాడు కూడా అప్పటికే నోరు తెరిచాడు. హైమావతి ఫుట్‌పాత్ మీద కూలబడి, "అయిపోయిందే. నేను చెప్పలేదూ, నన్ను తీసుకోవద్దని!" అని ఏడుపు గొంతుతో అంది.

వరహాలు వెనక్కి పరిగెత్తుకొచ్చి నడుం మీద చేతులేసుకుని నిలబడింది. "ఏటైనాది? బూటూడిపోతే కాలూడిపోయినట్టు ఏడుస్తావేటి? ఏటా సింహాచలం కొండ చుట్టూ ముప్పై రెండు కిలోమీటర్లు ఉత్తికాళ్లతో తిరుగుతావు కదా! మూడు పరిగెట్టలేవా? లే!"

చూశారా! కొండ చుట్టూ రాళ్లలో, వానలో ముప్పై రెండు కిలోమీటర్లు మా అవసరం లేకుండా తిరిగే ఆ కాళ్లకు, ఈ తారురోడ్డు మీద పదికి మేం కావాల్సొచ్చాం. నేనైతే సిగ్గుతో చచ్చిపోయాను. హైమావతి మమ్మల్నిద్దర్నీ విప్పి రెండు చేతుల్లో పట్టుకుని ఉత్తికాళ్లతో పరుగందుకుంది. ఎక్కాలు కూడా మొదలెట్టింది. కానీ కూర్చున్నప్పుడు పోయిన నిమిషాలు పోయాయి. పైగా రోడ్డు మీద గాలికి కొట్టుకొచ్చిన ఇసుక, గవ్వ పెంకులు. తొమ్మిదో కిలోమీటరు దగ్గర రోజలిన్ గడియారం చూసింది, ఈసారి స్తోత్రం అనలేదు.

"ఎనిమిది నిమిషాలే ఉన్నాయక్కా."

హైమావతికి లెక్క ఎవరూ చేసిపెట్టక్కర్లేదు. ఈ నడకలాంటి పరుగుతో ఇంకా పదమూడు నిమిషాలు. "మీరిద్దరూ వెళ్లిపోండి. మెడల్ ఎలాగూ పోయింది, మీ టైమైనా మీకు బాగా రావాలి. నేను మెల్లగా వస్తా" అంది.

వరహాలు ఏదో అనబోయి, హైమావతి చేతిలో ఉన్న నా వైపు చూసింది. నా లేసుకు కట్టిన చిప్ వైపు చూసింది. ఆ చూపు అర్థం కావడానికి నాకు రెండు క్షణాలు పట్టింది.

"సరే, ఎల్తాం గానీ ఆ బూట్లు ఇలగిచ్చీ. ఉత్తికాళ్లతో పరిగెడతా మళ్లీ ఆ మోతేటి?" అని మమ్మల్ని లాక్కుంది. "రోజీ, నివ్వూ రా, తొందరగా!" అంటూ కొంగు బిగించి ఒకటే ఉరుకు. ఆ యాభై ఏళ్ల మనిషి అంత వేగంగా పరిగెత్తగలదని, ఇన్నాళ్లూ హైమావతి కోసమే నెమ్మదిగా పరిగెత్తిందని నాకప్పుడు తెలిసింది. పరుగు కోసం పుట్టిన నేను చివరికి అసలైన పరుగు ఒకరి చేతిలో వేలాడుతూ చూశాను.

గంటా ఇరవై తొమ్మిది నిమిషాల నలభై సెకన్లకు చాప మీద మూడు కీచులు వినిపించాయి. వరహాలుది ఒకటి, రోజలిన్‌ది ఒకటి, నాదొకటి. గీత దాటేశాను! కాలు లేకుండా, అరికాలు కూడా లేకుండా! మైకులో ఒకాయన, "మూడిడ్లీ జట్టు, ముగ్గురూ గంటన్నరలోపే! చప్పట్లు!" అని అరిచాడు. జనం కొట్టారు. ఆ ముగ్గురిలో ఒకామె ఇంకా అర కిలోమీటరు అవతల కుంటుతోందని ఎవరూ తల తిప్పి చూడలేదు. కంప్యూటర్ చెప్పాక కళ్లతో పనేముంది?

అయిదు నిమిషాల తర్వాత హైమావతి వచ్చింది. పాదాలు ఎర్రగా కందిపోయాయి, తల దించుకునే ఉంది. దారంతా వల్లెవేసుకున్న క్షమాపణ నోటి చివర సిద్ధంగా ఉంది. అది బయటికొచ్చేలోపే వరహాలు ఆమె మెడలో మెడల్ వేసేసింది.

"ఏంటిది?"

"పతకం."

"నేనిప్పుడేగా వచ్చాను!"

"నివ్వు రాపోతే ఏటి? నీ బూటొచ్చీసింది కదా" అంది వరహాలు నన్ను పైకెత్తి చూపిస్తూ.

హైమావతి రెండు చేతులతో మెడల్‌ను పైకెత్తి చూసుకుంది. ఇరవై రెండేళ్లుగా పరీక్ష హాల్లో పిల్లల జేబుల్లోంచి, సాక్సుల్లోంచి చిట్టీలు లాగిన చేతులవి. రోజలిన్ అటు తిరిగి సముద్రంలో కెరటాలు లెక్కపెట్టడం మొదలెట్టింది. హైమావతి నిర్వాహకుల బల్ల వైపు నడిచింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూసింది. వరహాలు నవ్వు ఆగిపోయింది. ఆమె తన మెడలోని మెడల్‌ను గుప్పిట్లో గట్టిగా పట్టుకుని నిలబడింది, ఎవరో లాక్కుపోతారన్నట్టు. ఆమెను నేను అలా ఎప్పుడూ చూడలేదు, చిన్నపిల్లలా ఉంది.

హైమావతి బల్ల దగ్గరికి చేరింది. అక్కడున్న అమ్మాయి తలెత్తి, "చెప్పండి మేడమ్, ఏం కావాలి?" అంది.

హైమావతి నోరు తెరిచింది. మాట బయటికి రావడానికి మూడో అంతస్తు మెట్లెక్కినప్పుడు కూడా అంతసేపు పట్టలేదు.

"మంచినీళ్లు" అంది హైమావతి.

నీళ్లు తాగి వచ్చి, తన మెడలోంచి మెడల్ తీసి, వరహాలు చేతిలో ఉన్న నన్ను అందుకుని నా లేసుకు తగిలించింది. "దాటింది ఇదే కదా, దీనికే ఉండనీ" అంది.

"కోపమొచ్చిందేటి టీచరూ?" అంది వరహాలు, గొంతు బాగా తగ్గించి.

"వచ్చింది. చాలా వచ్చింది. రేపు పొద్దున్న అయిదింటికి కింద ఉంటాను కదా, అప్పుడు తిడతాను."

మర్నాడు తిట్టింది కూడా, పందొమ్మిదో ఎక్కానికీ ఇరవయ్యో ఎక్కానికీ మధ్యలో. కొత్త బూట్లు కొనుక్కుని షాపులోంచే తొడుక్కుని వచ్చి, ఆ సాయంత్రమే వాటిని బురదలో తొక్కింది. మనుషులు అప్పుడప్పుడు నేర్చుకుంటారు, ఒప్పుకోక తప్పదు. నన్ను మాత్రం పారేయలేదు, కుట్టించనూ లేదు. హాల్లో టీవీ పైన అరలో, శివాజీరావుకి ఉద్యోగంలో ఇచ్చిన గోడగడియారం పక్కన, మెడల్‌తో సహా కూర్చోబెట్టింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ, "మెడల్ మీదేనా టీచర్?" అని అడుగుతారు. "కాదండీ, బూటుది" అంటుంది. అందరూ పగలబడి నవ్వుతారు, టీచర్‌కి ఎంత హాస్యమో అంటారు. ఆమె నవ్వదు. ప్రతిసారీ నిజమే చెబుతుంది, ఒక్కరూ నమ్మరు. కింద టిఫిన్ సెంటర్లో వరహాలు మాత్రం మెడలోది తీయలేదు, ఇడ్లీ పిండి అంటుకుని దానికి తెల్లటి అంచు కూడా వచ్చిందట.

ఊపిరి పీల్చుకోకుండా అంతా చెప్పేశాను. ఇప్పుడు మీ వంతు. పాదాలు మండుతూ మీరా బల్ల దగ్గర నిలబడ్డారు, నాలుక చివర నిజం ఉంది, వెనకాల మెడల్ గుప్పిట్లో పట్టుకుని ఒక మనిషి మీ వైపే చూస్తోంది. ఏం కావాలని ఆ అమ్మాయి అడుగుతోంది. మీరైతే ఏం అడిగేవారు?